ఏ గడిలో

చీమకుర్తి రాయి నల్లన.
నీళ్ళు చల్లి తుడిస్తే
లోపలి నుంచి రాగి రంగు చుక్కలు లేస్తాయి.
కొనేవాళ్ళు వాటిని నక్షత్రాలంటారు.
నేను బిందువులంటాను.
మీరావలి మాత్రం "పొక్కులు" అంటాడు,
అమ్మవారు పోసిన ఒంటిని చూసినట్టు, జాలిగా.

ఒంగోలు నుంచి ఏడున్నర బస్సుకి వచ్చి
గళ్ళు గీసిన పల్చటి ప్లాస్టిక్ కాగితం
పలక మీద పరుస్తాను.
సెంటీమీటరు గడులు, నాలుగొందలు.
గడికెన్ని చుక్కలో రాసుకోవడం, అంతే.
రెండేళ్ళుగా నా పరిశోధన ఇదే.
పాలిషు మిషను హోరులో
అంకెల్ని గట్టిగా అరుచుకోవాలి
లేకపోతే మధ్యలో మర్చిపోతాను.
మూడు. సున్నా. ఐదు. మూడు.

"ఇది ఫస్టు రకం," చూపించాడు మీరావలి.
నాట్లు వేసినట్టు ఎడమెడంగా చుక్కలు.
"అది సెకండ్లో పోద్ది.
ఒకచోట గుంపు, ఒకచోట బోడి."
నేనన్నాను, గుప్పెడు నువ్వులు చాప మీద జల్లి చూడు,
నాలుగైదు కలిసే పడతాయి.
ఎవరూ సర్దకపోతేనే గుంపులూ బోళ్ళూ.
మరీ వరసగా ఉంటేనే అనుమానించాలి.
"అంటే సెకండు రాయే నిజమైందంటావు!"
నవ్వాడు.
కుడిచేతికి మూడే వేళ్ళు.

సగటు మూడు పాయింటు ఒకటి.
విస్తృతి మూడు పాయింటు సున్నా.
రెండూ ఇంత దగ్గరగా వస్తే
చెదిరినవి వాటంతటవే చెదిరాయని.
ఎన్నో కోట్ల ఏళ్ళ కిందట
కరిగిన రాయి చల్లారుతూ చల్లారుతూ
ఎవరి మాటా వినలేదని.
ఆ రాత్రి హాస్టలు మెస్సులో
పప్పుచారు తొరక కట్టేదాకా
ఆ రెండంకెల్నే చూస్తూ కూర్చున్నా.

వాన పడి గని ఆగిన రోజు
ఆఫీసు రేకుల కింద నిలబడ్డాను.
గుమస్తా పిచ్చయ్య బల్ల మీద ఎర్రట్ట రిజిస్టరు.
ఊరికే తిరగేశాను.
తాడు తెగింది. దిమ్మె జారింది.
కన్ను. మడమ. రెండు వేళ్ళు.
ఏసోబు, క్రేను కింద.
వయసు దగ్గర అంకె కొట్టేసి మళ్ళీ రాశారు.
"వాళ్ళ గాచారం," అన్నాడు పిచ్చయ్య
టీ గ్లాసు ఆ పేజీ మీదే పెడుతూ.

గాచారమైతే నాకు తెలుసు.
దానికీ ఒక నడక ఉంటుంది,
నేను చదువుకున్నదే ఆ నడక.
వారాల్ని గడులు చేశాను, రెండొందల ఎనిమిది.
గడికెన్ని దెబ్బలో వేశాను.
సగటు సున్నా పాయింటు ఆరు.
విస్తృతి రెండు దాటింది.

మళ్ళీ చేశాను.
చేతి లెక్క, కంప్యూటరు లెక్క, మళ్ళీ చేతి లెక్క.
రాతిలో చుక్కల్ని ఎవరూ సర్దలేదు.
దెబ్బల్ని సర్దినవాళ్ళు ఉన్నారు.
గుంపులన్నీ అక్కడే,
చెన్నై రేవులో ఓడ నింపే ముందు వారాల్లో,
రెండు షిఫ్టులు ఒకటే మనిషి మీద పడ్డ వారాల్లో.

గైడు గారు కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి
"నీ అంశం శిలల్లో బిందువుల విన్యాసం కదమ్మా,
ఇది అనుబంధంలో కూడా పట్టదు," అన్నారు.
ఆయన తప్పేం చెప్పలేదు.
నూటపన్నెండు పేజీల్లో
మనుషుల పేరిట అధ్యాయం లేదు.

మీరావలికి చెప్పకూడదనుకున్నా.
చెప్పేశాను.
గళ్ళ కాగితం తలకిందులుగా పట్టుకుని
చాలాసేపు చూశాడు.
"నాయి ఏ గడిలో పడ్డాయమ్మా?"

నూట ముప్పై ఒకటి.
అదే గడిలో ఇంకో ముగ్గురు.

లేని చూపుడువేలితో తాకబోయి
ఆగి, బొటనవేలు పెట్టాడు.
"గుంపు," అన్నాడు.
"సెకండ్లో పోద్ది."

నీళ్ళ గొట్టం భుజానేసుకుని
తర్వాతి పలక తడపడానికి వెళ్ళాడు.